కళ్ళు మూసుకుని కొట్టిన టాకు

"తెరవకు. కాసేపు అలాగే ఉండు," అంది తల్లి, తడిగుడ్డ తిప్పి వేస్తూ.

కూతురు పిచ్చుక వెల్లకిలా పడుకుని పళ్ళు బిగబట్టుకుంది. రెప్పలు ఉబ్బి, అంచులు ఎర్రగా కంది ఉన్నాయి. గుడ్డ కిందినుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. అవి గుడ్డ నీళ్ళో కంటి నీళ్ళో తెలియడం లేదు.

కళ్ళలో ఇసుక పోసి నలిపినట్టుందని పొద్దుట లేస్తూనే ఏడ్చింది పిల్ల. కొత్త ఊరి దుమ్ము కంట్లో పడిందేమోనన్నాడు మేస్త్రీ. వెల్డింగు మేస్త్రీతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి దుమ్ము పడ్డ కన్నేదో, నిప్పు వెలుగు కొట్టిన కన్నేదో ఒకరు చెప్పాలా? పెళ్ళయిన కొత్తలో మొగుడి కళ్ళ మీద ఇలాగే ఎన్ని గుడ్డలు మార్చిందో!

"ఎక్కడ చేసింది పని?" అని అడిగింది, తల తిప్పకుండానే.

గుమ్మం బయట మేస్త్రీ మెట్టు మీద కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.

"ఏమయ్యా, నిన్నే."

"వెనక షెడ్డులో. చెయ్యి సాధన చేసుకుంటానంది. ఎల్లుండి ఆ వంతెన అవతలి వెల్డింగు బడిలో చేతిపని చూపించాలి కదా."

"ముసుగేది?"

మొహానికి అడ్డంగా తగిలించుకునే నల్లద్దం ముసుగు ఆ ఇంట్లో ఇప్పుడు ఒక్కటే ఉంది. పాత ఊళ్ళో షాపు ఎత్తేసినప్పుడు సామానంతా తూకానికి పోగా, మిషనూ ఆ ముసుగూ మిగిలాయి. అది తండ్రి మొహాన ఉంటే కూతురి మొహాన ఏముంటుంది?

"టాకులకి ముసుగెందుకమ్మా," అంది పిచ్చుక గుడ్డ కిందినుంచి. "కళ్ళు మూసుకుని కొట్టేస్తాను. ఒక్కోసారి రెప్ప ఆలస్యమవుతుంది, అంతే."

టాకంటే రెండు ఇనప ముక్కలు కదలకుండా ముందుగా పెట్టే చుక్కంత అతుకు. చోటు చూసుకుని, రాడ్డు ఆనించి, నిప్పు పుట్టే క్షణానికి రెప్ప మూసేస్తే సరి. ముసుగు దించడం, ఎత్తడం అన్న బాదరబందీ లేదు. పని పరుగులు పెడుతుంది. మేస్త్రీ తండ్రి అలాగే చేశాడట. మేస్త్రీ అలాగే చేశాడు. పిచ్చుకకి ఇంకా గౌనులు వేసే వయసులోనే "మూయి, కొట్టు, తెరువు" అని పాటలా నేర్పాడు. పిల్ల పాటలాగే పట్టేసింది. ఇంటికొచ్చిన వాళ్ళ ముందు చేయించి మురిసిపోయేవాడు. వంట చేసుకుంటూ తల్లి కూడా మురిసింది. ఆ మాట ఎలా కాదంటుంది?

"బస్టాండు వెనక బడిలో చేర్పిస్తే ఈ చెయ్యి చూపించే గోల ఉండేది కాదు," అన్నాడు మేస్త్రీ.

"మొదలెట్టావూ?"

"తప్పేముంది? దగ్గర. ఒంటిపూటే చదువు. మా తమ్ముడికి తెలిసినవాళ్ళు."

ఈ ఊరొచ్చి నెల తిరగలేదు. మూటలు కొన్ని ఇంకా విప్పనే లేదు. ఈ రెండు బళ్ళ గొడవ మాత్రం ఇంట్లో నాలుగో మనిషిలా వచ్చి కూర్చుంది. తల్లి రెండూ చూసింది. బస్టాండు వెనక బడికి బోర్డు ఎంతుందో లోపల బడి అంత లేదు. వరసగా నిలబడి పిల్లలు నిప్పు ముట్టిస్తుంటే ఒకడి వెలుగు ఇంకొకడి మొహాన పడుతోంది. మధ్యన తెర లేదు. పగిలిన అద్దాల ముసుగులు మూల పడి ఉన్నాయి. కుర్రాళ్ళ మెడలు కమిలి, పాము కుబుసంలా పొరలు లేస్తున్నాయి. బల్ల దగ్గర కూర్చున్నాయన మాటలు మాత్రం తేనె.

వంతెన అవతలి బడిని గేటు బయటినుంచే చూసింది. రెండు బస్సులు మారాలి. పొద్దుటినుంచి సాయంత్రందాకా చదువు. చెయ్యి చూడకుండా చేర్చుకోరు. కానీ అక్కడ ప్రతి మనిషికీ చుట్టూ మందపు తెర ఉంది. పకపకా నవ్వుకుంటున్న కుర్రాడు కూడా రాడ్డు ఎత్తేసరికి తలాడించి ముసుగు దించుకున్నాడు. ఆ తలాడింపు చూసి ఆమె మనసు అక్కడే ఆగిపోయింది.

తెలియనిదల్లా మొగుడి సంగతే. "నేర్చుకుంటే నాలుగు చీవాట్లు పెట్టేవాడి దగ్గర నేర్చుకోవాలి" అని జన్మంతా చెప్పిన మనిషి, ఇప్పుడు ఆ తేనె బడి కోసం ఎందుకింత పట్టుపడుతున్నాడో ఆమెకి అంతుచిక్కలేదు.

* * *

ఎల్లుండి రానే వచ్చింది. పిచ్చుక కళ్ళ వాపు దిగింది. ముగ్గురూ రెండు బస్సులు మారి వెళ్ళారు.

ఆ బడిలో నేర్పే ఆయన్ని పొట్టి మాస్టారంటారు. చేతులు మాత్రం పొట్టివి కావు. వచ్చిన ఐదారుగురినీ బల్లల ముందు నిలబెట్టి, తలా రెండు ఇనప పలకలు, చేతితొడుగులు, ముసుగు, రాడ్లు ఇచ్చాడు. నాలుగు మూలలా టాకులు కొట్టమన్నాడు. ఇంకేమీ చెప్పలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు.

తల్లీ తండ్రీ నేల మీద గీసిన గీత బయట నిలబడ్డారు. పిచ్చుక ముసుగు తలకి తగిలించి నుదుటి పైకి తోసేసింది. పలకలు సరిచూసుకుంది. నడుము కాస్త వంచింది.

మూసింది, కొట్టింది, తెరిచింది.

పక్కవాడు రాడ్డు అంటుకుపోయి పెనుగులాడుతుంటే ఈ పిల్ల నాలుగు మూలలూ ముగించి వెనక్కి జరిగింది. ముసుగు నుదుటి మీద టోపీలా అలాగే ఉంది. మేస్త్రీ మొహం వెలిగింది. "చప్పుడు విన్నావా? అదీ చెయ్యి," అన్నాడు పెళ్ళాంతో గొణుగుతూ.

పొట్టి మాస్టారు వచ్చి పలక తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అతుకు బాగుంది. ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

ఆయన గీత దాకా వచ్చి మేస్త్రీని లోపలికి పిలిచాడు. అందులో వెటకారమేమీ లేదు. పనివాడు పనివాణ్ణి పిలిచినట్టే పిలిచాడు. "రండి మేస్త్రీ. మీ అమ్మాయి పని మీరే చూసి చెప్పండి."

మేస్త్రీ చొక్కా సర్దుకుని వెళ్ళాడు. బల్ల మీదికి వంగి, తల ఒక పక్కకి వాల్చాడు. గింజని చూసే కోడిలా ఇటోసారి, అటోసారి వాల్చాడు. తర్వాత బొటనవేలు చాపి మూలనున్న టాకు మీద పెట్టాడు.

కాలిన చర్మం వాసన గీత దాకా వచ్చింది.

మేస్త్రీ కేక వెయ్యలేదు. వేలు పిడికిట్లో దాచుకుని, "బాగానే ఉంది," అన్నాడు.

తల్లి నిలబడ్డచోటే కొయ్యబారిపోయింది. ఇనుము ఎర్రదనం పోయి నల్లబడ్డాక కూడా కాలుతుందని ఆ ఇంట్లో పాకే పిల్లకి కూడా తెలుసు. మేస్త్రీ అయితే ముందు చేతి వెనకవైపు దగ్గర పెట్టి సెగ చూడందే చల్లటి తలుపు గొళ్ళెం కూడా ముట్టుకునేవాడు కాదు. దానికి ఆమె ఎన్నిసార్లు నవ్విందో. అలాంటి మనిషి అప్పుడే కొట్టిన టాకు మీద వేలు పెట్టాడంటే, అతుకు ఎక్కడుందో వేలితో వెతుక్కుంటే తప్ప తెలియని స్థితిలో ఉన్నాడన్నమాట.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కంచంలో చెయ్యి తడుముతూ తిరగడం, ఎదురు వీధిలో తను నిలబడి చెయ్యి ఊపితే పరాయిదానిలా దాటిపోవడం, మాట్లాడేటప్పుడు మొహం తప్పించి ఎటో చూడడం. షాపు పోయిన దిగులనుకుంది. తన మీద కోపమేమోననుకుని నాలుగు రోజులు అలిగింది కూడా.

పొట్టి మాస్టారు మేస్త్రీని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి చెయ్యి నీళ్ళ కింద పట్టాడు. ఆ ఇద్దరు మగవాళ్ళూ అక్కడ ఏమనుకున్నారో ఆమెకి వినబడలేదు. తిరిగొచ్చాక ఆయన పిచ్చుకతో మాట్లాడాడు గానీ, మాట తల్లికి కూడా చెందేట్టు చెప్పాడు. ఇలా కళ్ళు మూసి కొట్టేవాళ్ళని మామూలుగా వాకిట్లోంచే పంపేస్తానన్నాడు. వేలికొచ్చిన విద్య మంచిదే, కంటికొచ్చిన అలవాటే చెడ్డదన్నాడు. మొదటి నెల నిప్పు ఇవ్వడట. ముసుగు దించి ఎత్తడమే పని.

"ఇంకో మాట. చదువు అయ్యేదాకా బయటెక్కడా నిప్పు ముట్టించకూడదు. ఇంట్లో కూడా. ఇక్కడో అలవాటు, అక్కడో అలవాటు అంటే నేను ఒప్పుకోను. సరేననుకుంటే రేపు పొద్దుట గంట కొట్టేసరికి గేటు లోపలుండు. లేకపోతే నీ బల్ల దగ్గర ఇంకొకరు నిలబడతారు."

పిచ్చుక సంతోషపడుతుందనుకుంది తల్లి. పిల్ల తండ్రి చేతి వంక చూస్తూ నిలబడింది.

* * *

ఇంటికొచ్చాక తల్లి కాలిన వేలికి మందు రాసింది, గుడ్డ చుట్టింది. ముడి వేశాక కూడా చెయ్యి వదల్లేదు.

"నా మొహం కనబడుతోందా?" అని అడిగింది.

మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు. తిన్నగా చూశాడు.

"చెవులు కనబడుతున్నాయి," అన్నాడు. "జుట్టు కనబడుతోంది. వెనక గోడ మీద క్యాలెండరుంది. నడిమధ్యనే ఏమీ లేదు. ఎటు చూద్దామనుకుంటే అదే పోతుంది. చూడనివన్నీ ఉంటాయి."

"ఎప్పటినుంచి?"

"షాపు ఎత్తేయకముందునుంచే."

రోడ్డు వెడల్పు చేస్తారట, షాపు ఎలాగూ పోతుందట అని చెప్పి ఊరు మార్పించాడు. ఆమె నమ్మింది. చుట్టుపక్కల షాపులు ఇప్పటికీ అలాగే ఉన్నాయని మొన్న ఎవరో అంటే, వాళ్ళకి తెలియదేమోననుకుంది.

"డాక్టరు?"

"చూశాడు. పోయింది రాదన్నాడు. ఉన్నది కాపాడుకోమన్నాడు."

"మరి చివరి ఏడాది షాపులో పనెవరు చేశారు?"

మేస్త్రీ మొహం పిచ్చుక వైపు తిప్పాడు. పిచ్చుక గోడకానుకుని గోళ్ళ సందుల్లో నల్లమట్టి తీసుకుంటోంది, తలెత్తకుండా.

"నీకు తెలుసా?"

"నాన్న చెప్పొద్దన్నాడు."

"అంటే నా ఒక్కదానికే తెలియదు. ఈ ఇంట్లో అసలు గుడ్డిది నేనన్నమాట."

ఆ మాట గది మధ్యలో అలాగే పడి ఉంది.

అప్పుడే మరిది వచ్చాడు. రోడ్డు పక్కన లేస్తున్న ఒక పెద్ద భవనం దగ్గర అతను కాపలా పెద్ద. యజమానిని బతిమాలి అన్నకి ఈ రెండు గదులు ఇప్పించిందీ, గేట్ల పని ఒప్పించిందీ అతనే. గేట్లు నిలబడితే గదులు నిలబడతాయి. వచ్చిన మనిషి మొహాలు చూసి విషయం పోల్చుకున్నాడు. తెలిసిపోయిందా అని కూడా అడగలేదు. అంటే ఇతనికీ తెలుసు.

"పెద్ద గేటు ఈ వారంలో నిలబెట్టాలంటున్నాడు వదినా యజమాని," అన్నాడు. ఆ తర్వాత చెప్పిందంతా ఆమెకి వినకముందే తెలుసు. పిల్ల పొద్దున్న బస్టాండు వెనక బడికి పోతుంది, మధ్యాహ్నం షెడ్డులో కొడుతుంది, అన్న పక్కన నిలబడి ఉంటాడు, పేరు అన్నది, పరువు అన్నది. బడి దూరమైతే ఇవన్నీ చెడతాయి. పామూ చస్తుంది, కర్రా విరగదు. అందరికీ మంచిదే.

"ఆ అందరిలో దీని కళ్ళు లేవా?"

"ముసుగు పెట్టుకుంటుంది వదినా. ఎవరు వద్దన్నారు?"

"మీ అన్నకీ ఎవరూ వద్దనలేదు. మీ నాన్నకీ ఎవరూ వద్దనలేదు. మీ వంశంలో దీపం వెలిగితే చాలు, వత్తి ఏమైతేనేం."

మరిది మొహం ముడుచుకున్నాడు. "రేపు సామాను రోడ్డు మీద పడితే ఆ మాట అక్కడ నిలబడి అను," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. అతను చెడ్డవాడు కాదు. అదే ఆమెకి ఎక్కువ కష్టంగా ఉంది. చెడ్డవాడైతే తిట్టుకుని పడుకోవచ్చు.

"రేపు అది వంతెన అవతలికే వెళుతుంది," అంది ఆమె తలుపు వేస్తూ.

"గేటు?" అన్నాడు మేస్త్రీ.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి అక్కడున్న గిన్నె తీసి కడిగింది. అది అంతకుముందే కడిగిన గిన్నె.

"నేను వెళ్ళనులే అమ్మా," అంది పిచ్చుక.

"నిన్నెవరూ అడగలేదు."

* * *

తెల్లవారి ఇంకా ఎండ ఎక్కకముందే తల్లి పిల్లని లేపింది. మేస్త్రీ పాత పొడుగుచేతుల చొక్కా ఒకటి కత్తిరించి, పిచ్చుక కొలతకి కుట్టి ఉంచింది. నిప్పు రవ్వలు మెడలోకి జారకుండా కాలరు దగ్గర అదనంగా ఒక గుండీ వేసింది. సంచిలో నీళ్ళసీసా పెట్టింది. పిచ్చుక చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంది.

మేస్త్రీ పక్క ఖాళీగా ఉంది. పెరట్లో ఉంటాడనుకుంది.

సంచి తగిలించే మేకుకి ముసుగు వేలాడుతోంది. తుడిచి, అద్దం మెరిసేలా రుద్ది, ఎవరో అక్కడ పెట్టారు. తను పెట్టలేదు.

వంటగది గోడ మీద నీలంగా వెలుగు పడింది. పోయింది. మళ్ళీ పడింది.

ఆమె చేతిలోది వదిలేసి పరుగెత్తింది. ముందు కూతురేననుకుంది. కూతురు ఇంట్లోనే ఉందని షెడ్డు గుమ్మం దాకా వచ్చాక గుర్తొచ్చింది.

పెద్ద గేటు చట్రాన్ని రెండు దిమ్మల మీద పడుకోబెట్టి, మేస్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని అతుకు పెడుతున్నాడు. గుడ్డ చుట్టిన బొటనవేలు ఎత్తి పట్టుకుని రాడ్డు నడుపుతున్నాడు. మొహానికి ముసుగు లేదు. కళ్ళు మూసుకోలేదు. రెండు కళ్ళూ విప్పార్చి ఆ వెలుగులోకే చూస్తున్నాడు.

"ముయ్యవయ్యా!" అంది.

నిప్పు ఆగింది. మేస్త్రీ తల పక్కకి వాల్చి ఆమెని వెతుక్కున్నాడు.

"ఎప్పుడూ మూసుకునే కదా కొట్టాను," అన్నాడు. చిన్నగా నవ్వినట్టే అన్నాడు. "ఇప్పుడిక మూసి దాచుకోవడానికేముంది? విప్పి చూస్తుంటే ఆ మెరుపు అంచు కాస్త తెలుస్తోంది. గేటు నేను చేస్తాను. ముసుగు దానికిచ్చి పంపు."

ఆమె దగ్గరికి వెళ్ళింది.

"చూసి చెప్పు. తిన్నగా వచ్చిందా?"

వంగి చూసింది. అతుకు తిన్నగానే ఉంది. దారం పట్టి గీసినట్టు, అలలు అలలుగా, పాత మేస్త్రీ చేతి పనిలాగే ఉంది. చట్రమూ చువ్వా కలిసే సందు మాత్రం దానికి వేలెడు దూరంలో ఖాళీగా ఉంది. ఇంత పనీ ఒట్టి ఇనుము మీద చేశాడు. ఆమె చెయ్యి తగలగానే చువ్వ గలగలా ఊగింది.

ఆ చప్పుడు అతనికి వినబడకుండా చువ్వని గట్టిగా పట్టుకుంది. అది ఇంకా వేడిగా ఉంది. వదల్లేదు.

వీధి మలుపులో బస్సు హారను మోగింది.

"చెప్పవే."

షెడ్డు గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. భుజాన సంచి, చేతిలో ముసుగు. దాని కళ్ళు గేటు మీదినుంచి తల్లి చేతి మీదికి, అక్కడినుంచి తల్లి మొహం మీదికి వచ్చాయి.

"తిన్నగానే వచ్చింది," అంది తల్లి, కూతురి కళ్ళలోకే చూస్తూ. "నువ్వు బయల్దేరవే. బస్సు పోతుంది."

మేస్త్రీ తృప్తిగా తలాడించి, తడుముకుని ఇంకో రాడ్డు అందుకున్నాడు.

పిచ్చుక కదల్లేదు. సంచి పట్టీ భుజం మీదినుంచి మోచేతి దాకా జారింది. దాన్ని పైకి లాక్కోవడానికో, కిందికి దించేయడానికో, రెండో చెయ్యి ఎత్తింది.